పువ్వు వచ్చింది... పిట్ట రాలేదు!

రావులపాలెం దాటి కొత్తపేట దారి పట్టారంటే ఇరుపక్కలా కొబ్బరి, దాని నీడన అరటి. గెల చివర వేలాడే ఊదారంగు పువ్వు రేకు కాస్త విచ్చుకోగానే వాలిపోతుంది తేనెపిట్ట. ముక్కు నుంచి తోకదాకా కొలిస్తే 10 సెంటీమీటర్లు! మగదైతే ఎండకు మెరిసే మెడ, పసుప్పచ్చని పొట్ట, కొక్కెంలా వంగిన ముక్కు. అది చూసి ‘అదిగో హమ్మింగ్‌బర్డ్’ అనేస్తారు పిల్లలు. ఆ పిట్ట అసలు మన దేశంలోనే లేదు. ఉన్న 360కి పైగా జాతులూ అమెరికా ఖండాలవే.

పిట్ట రాలేదుగానీ దాని పువ్వు వచ్చేసింది. గౌతమికి అవతలున్న కడియం నర్సరీలు పెంచి అమ్మే హెలికోనియా అదే. ఆకు చూస్తే అచ్చం అరటే. చుట్టరికమూ ఉంది... ఒకప్పుడు దీన్ని అరటి కుటుంబంలోనే చేర్చారు. పీత డెక్కల్లా కనిపించే ఎర్రటివి పూలు కావు, దొప్పలు. అసలు పూలు వాటిలోపల సన్నటి గొట్టాల్లా ఉంటాయి.

ఆ గొట్టం ఎవరి ముక్కుకు సరిపోతుందో తెలియాలంటే కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవికి వెళ్లాలి. అక్కడి ఊదారంగు మెడ హమ్మింగ్‌బర్డ్‌లో ఆడదాని ముక్కు మగదానికన్నా పొడవు, వంపూ ఎక్కువే. మగది పొట్టి పూల హెలికోనియాకు కాపలా కాస్తుంది. ఆడది పొడవాటి వంపు పూలున్న మరో రకాన్ని వెతుక్కుంటుంది. 2000లో శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో రాసిన సంగతిది. ఆలుమగలకు చెరో వంటిల్లన్నమాట!

అంత కొలిచి కుట్టినట్టున్న పువ్వుకు ఇక్కడ దిక్కు తేనెపిట్టే. హమ్మింగ్‌బర్డ్‌లా గాల్లో నిలబడి తాగడం దీనికి ఎంతోసేపు కుదరదు. కాళ్లూనుకోవాలి. దొప్పే దానికి పీట. మరీ పొడవాటి గొట్టాల పూలైతే మూతి పెట్టే ఓపిక లేక మొదట్లోనే పొడిచి తేనె లాగేస్తుంది. పుప్పొడి అంటదు, మొక్కకు ఒరిగేదేమీ లేదు. అయినా మొక్కకు బెంగ లేదు. అరటిలాగే దుంప నుంచి పిలకలేసుకుంటుంది.

బెంగంతా పిట్టదే! చివరి హస్తం దిగాక గెల బాగా ఊరాలని రైతు పువ్వు కోసేస్తాడు. అది ఎవరింట్లోనో ఆవపెట్టిన కూరవుతుంది. ఆ పూట తేనెపిట్ట గోడ దాటి పెరట్లోకొస్తుంది. మందారమైనా సరే, అమెరికా మొక్కయినా సరే. పెరడంతా సిమెంటు చేయించిన ఇంట్లో మాత్రం కుళాయి మీద ఓసారి వాలి, వెళ్లిపోతుంది.