గడప లోపలి కెమెరా

వంటింటి గురించి రాయడం మనకి కొత్త కాదు. ఆ వంటింట్లో కెమెరా పెట్టడం మాత్రం వేరే సంగతి. కిందటి వేసవిలో నేనూ మరో ముగ్గురు మిత్రులమూ కలిసి 12 నిమిషాల నాటకం ఒకటి చిత్రించాం. ఒకే కెమెరా, రెండు పాత్రలు, హైదరాబాద్‌లో ఒక స్నేహితురాలి అద్దె పోర్షన్. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందనీ, వెళ్లి చేరతాననీ భార్య భర్తకి చెప్పాలి. కథ అంతే.

ఆరడుగుల వెడల్పున్న ఆ వంటింట్లో గట్టూ, గ్యాస్ బండా పోగా మిగిలింది ఒక మనిషి తిరిగేంత చోటు. స్టాండు వేయాలంటే గుమ్మమే దిక్కు. అక్కణ్ణుంచి చూస్తే ఆమె వీపు, జడ, పొయ్యి మీది ఆవిరి కనిపిస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ‘కాఫీ అయిందా?’ అని అడిగే మనిషి నిలబడే చోటు కూడా అదే. ఆ చూపు మాకు అక్కర్లేదనుకున్నాం.

నీళ్ల బిందె, కూరల బుట్ట వరండాలోకి వెళ్లాయి. వైడ్ లెన్స్‌తో మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై ముఖం సాగినట్టుంటుంది. అందుకని కొన్ని షాట్లు కిటికీ బయట నిలబడి ఊచల మధ్య నుంచి, కొన్ని గట్టు చివర చిన్న బియ్యం సంచీ మీద కెమెరా ఆనించి తీశాం. ఇప్పుడు ఆమె ముఖం ముందుంది. భర్త దూరంగా, గుమ్మంలో. శబ్దం రాకుండా ఫ్రిజ్ ఆపి, మళ్లీ వేయడం మరచిపోకుండా స్కూటర్ తాళం అందులోనే పెట్టాం.

ఒకే కెమెరా అంటే ఒకే సంభాషణని ఆమె వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి తీయాలి. రెండూ అతకాలంటే ప్రతిసారీ ఉల్లిపాయ అంతే తరిగి ఉండాలి, పాలు అంతే పొంగాలి. అతని వైపు తీసేటప్పుడూ ఆమె చేతులు ఫ్రేములో ఉంటాయి. అతను గుమ్మానికి ఆనుకుంటే చాలు. ఆ రోజు ఆమె 11 ఉల్లిపాయలు తరిగింది. స్క్రిప్టులో ఉన్నది ‘ఆమె వంట చేస్తూ ఉంటుంది’ అనే ఒక్క వాక్యం. ఆ ‘ఉంటుంది’లో ఎంత చాకిరీ ఇమిడిపోయిందో మా అందరికీ కళ్లు మండుతూ తెలిసింది.

బెల్జియం దర్శకురాలు శాంతల్ ఆకర్‌మాన్ 18 ఏళ్ల వయసులో, 1968లో తీసిన మొదటి చిత్రం నిడివి 13 నిమిషాలే. దాదాపు అంతా ఒక చిన్న వంటింట్లోనే నడుస్తుంది. నటించిందీ తనే. 1975 నాటి ఆమె ‘జాన్ దీల్మాన్’లో కదలని కెమెరా ముందు బంగాళాదుంపల చెక్కు తీస్తున్నంతసేపూ మనం చూడాల్సిందే. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగులో ఆ చిత్రం అన్నిటికంటే పైన నిలిచింది. ఒక స్త్రీ తీసిన చిత్రానికి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. ఇరుకునే ఆమె వస్తువు చేసుకుంది.

సెట్ వేసుకుంటే ఇన్ని తిప్పలు ఉండవు కదా అన్నాడొక మిత్రుడు. నిజమే, సెట్లో కెమెరా కోసం ఒక గోడ తీసేస్తారు. ఆమెకి నాలుగు గోడలూ ఉన్నాయి. ‘వెళ్తాను’ అన్న మాటని గట్టు మీంచే తీశాం. అంటూనే ఆమె స్టవ్ కట్టేసింది. అది స్క్రిప్టులో లేదు. అలాగే ఉంచేశాం.