ముహీత్, ఖుతర్, మామూ టాల్

మామూ హజ్ కోసం దాచుకున్న పైసలు నా చేతుల మీదుగానే పోయేవి. అల్లా కాపాడాడు. ఒక దర్జీ టేపు కూడా కాపాడింది.

చీరాల దగ్గర మామూకి కట్టెల అడితి ఉంది. ఇంట్లో మేం టాల్ అంటాం. గ్యాసు వచ్చి ఇళ్లలో పొయ్యిలు ఆరిపోయాయి గానీ దావత్ పొయ్యిలు ఆరలేదు. నికాహ్, వలీమా, చెహల్లుం, ఏదైనా సరే దేగ్ ఎక్కాలంటే బావర్చీలు మామూకే ఫోన్ చేస్తారు. మంటకి సరుగుడు, దమ్ వేశాక నిప్పులకి తుమ్మ, చింత. ఆ తీరంలో సరుగుడు తోటలకి కొదవ లేదు. కానీ తిన్నగా, లావుగా ఉన్న కర్రంతా కాగితం మిల్లులకి పోతుంది. టాల్‌కి వచ్చేది కొసలు, మొదళ్లు, కాపు ఆగిపోయిన ముసలి మామిళ్లు, ఎవరో ఇంటికి అడ్డమని కొట్టించిన చింతలు.

ఇరవై ఏళ్లుగా వాటిని గొడ్డలితో చీల్చేది ఒక పెద్దాయన. నిరుడు ఆయన కుడి భుజం పట్టేసింది. డాక్టర్ గొడ్డలి ముట్టుకోవద్దన్నాడు. ఈ పనికి కొత్త కుర్రాళ్లు రావడం లేదు. "భాంజే, నువ్వు అఖ్బార్ వాడివి. ఇంగ్లీషు చదువుతావు. మంచి మిషన్ చూసి పెట్టు" అన్నాడు మామూ.

చూశాను. ఫిన్లాండ్ లాంటి చలిదేశాల్లో ఫైర్‌వుడ్ ప్రాసెసర్ అని ఒకటి వాడతారు. ఒక పక్క దుంగ పెడితే రంపం ముక్క కోస్తుంది, హైడ్రాలిక్ దాన్ని కత్తి మీదికి తోస్తుంది, చీలికలు బెల్టు మీద పైకెళ్లి కుప్పగా పడతాయి. మాషా అల్లా, వీడియో పదిసార్లు చూశాను. చిన్నవాటిలో పధ్నాలుగు, పదహారు అంగుళాలకి మించిన దుంగ పట్టదు. ఇంకా లావువి పట్టాలంటే పెద్ద మిషన్ కావాలి. దుంగని దాని మీదికి ఎత్తడానికి క్రేన్ లాంటిది వేరే.

మామూని అడిగాను, మాల్ ఎంత లావుంటుందని. "చీల్చేది ఎక్కువగా ముప్పై, ముప్పై ఆరు అంగుళాలు. చింత మొద్దులు అరవై కూడా దాటతాయి" అన్నాడు.

ఇంకేముంది, పెద్ద మిషనే! అమ్మేవాడు కూడా ఫోన్‌లో సంతోషంగా అవునన్నాడు. వాయిదాల్లో కట్టొచ్చన్నాడు. సూద్ మాట వినగానే మామూ తల అడ్డంగా ఊపాడు. మొత్తం నగదే. అంటే హజ్ పైసలే. మామానీ ఏమీ అనలేదు. దస్తర్‌ఖాన్ మీద నాకు ఇంకో గరిటె ఖోర్మా వేసి లోపలికెళ్లిపోయింది. ఆ ఖోర్మా నాకు దిగలేదు.

సోమవారం అడ్వాన్స్ కట్టాలి. శుక్రవారం జుమా అయ్యాక టాల్‌లో కూర్చుని పెద్దాయనకి మిషన్ గురించి చెబుతున్నాను. ముప్పై ఆరంగుళాల దుంగని కూడా ఇట్టే చీల్చేస్తుందన్నాను.

"ముప్పై ఆరు నేను రెండు దెబ్బల్లో చీల్చేవాణ్ణి కదా బాబూ" అన్నాడాయన.

మూడడుగుల దుంగనా అన్నాను.

"మూడడుగులేంది? దర్జీ నా ఛాతీ కొలిచి ముప్పై ఆరన్నాడు. నేను మూడడుగుల వెడల్పున్నానా?"

మామూ జేబులోంచి ముళ్లు వేసిన తాడు తీశాడు. ఆయన కొలత మొద్దు చుట్టూ! మిషన్ కాగితంలో ఉన్న కొలత అడ్డంగా! పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో ముహీత్ అంటే చుట్టుకొలత, ఖుతర్ అంటే అడ్డకొలత అని బట్టీ పట్టినవాణ్ణి. తర్వాత తెలుగు బీఏలో వ్యాసం అంటే రాసేదే తప్ప గీసేది కాదు. 'లావు' అన్న ఒక్క మాటకి మామూ ముహీత్ చెప్పాడు, నేను ఖుతర్ విన్నాను. ముప్పై ఆరుని 3.14తో భాగిస్తే పదకొండున్నర. అంతే!

మామానీ కుట్టుమిషన్ దగ్గరి టేపు తెచ్చి, కుప్పలో చేతికొచ్చినవి వచ్చినట్టు నూరు తీసి కొలిచాం. యాభై ఎనిమిదింటికి అడ్డకొలత ఐదంగుళాల లోపే. వాటిని కోస్తే చాలు, చీల్చే పనే లేదు. ముప్పై ఒకటి ఐదు నుంచి పదకొండున్నర మధ్య. మిగిలిన పదకొండు అంతకంటే లావు. వాటిలో తిన్నగా ఉన్నవి మూడే, తక్కినవి వంకర్లు, కొమ్మ చీలినవి, ముడులున్నవి. అలాంటివి ఎంత పెద్ద ప్రాసెసర్‌లోనైనా ఇరుక్కునేవే. లావు తగినంత మాత్రాన పట్టదు, తిన్నగా కూడా ఉండాలి. అంటే ఆ మూడు మొద్దుల కోసం నేను మామూ హజ్‌ని అమ్మబోయాను.

అప్పుడు పొడవు గుర్తొచ్చింది. ఆ చిన్న మిషన్లు కోసేది అడుగు, అడుగున్నర ముక్కలు, వాళ్ల ఇళ్లలోని ఇనప పొయ్యికి సరిపోయేవి. బావర్చీని అడిగితే నవ్వాడు. దేగ్ కింద మూడడుగుల కట్టె పెట్టి, కాలినకొద్దీ లోపలికి తోస్తారు. ఆంచ్ తగ్గించాలంటే వెనక్కి లాగుతారు. అడుగు ముక్కని లాగేదెలా?

కాబట్టి మాకు ప్రాసెసరే అక్కర్లేదు. కోతకి టాల్‌లో రంపం ఎలాగూ ఉంది. చీల్చడానికి నిలువు హైడ్రాలిక్ స్ప్లిటర్ చాలు, మూడున్నర అడుగుల పొడవు దాకా పట్టేది. ఇంకా చవగ్గా గిరగిర తిరిగే స్క్రూ కోన్ రకం ఉంది, వంకర మొద్దుల్ని కూడా చీలుస్తుంది. మామూకి అది నచ్చింది. నేనే వద్దని గొడవపడ్డాను. పెద్దాయన లుంగీ కట్టుకుంటాడు. తిరిగే కోన్ లుంగీ అంచుని పట్టిందంటే మనిషిని వదలదు. నిలువు దానికి రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే కత్తి దిగుతుంది. ఒక చెయ్యి తీస్తే ఆగిపోతుంది.

అదే కొన్నాం. పెద్దాయనే నడుపుతున్నాడు. మొద్దు నిలబెట్టడానికి ఒక కుర్రాడు సాయం. జీతం పెంచమని అడిగాడట, మామూ పెంచాడు.

వంకర మొద్దులు ఇప్పటికీ గోడ పక్కన పడున్నాయి. ఇటుక బట్టీ వాళ్లు తీసుకుంటామన్నారు. మామానీ మొన్న ఫోన్ చేసి, పాస్‌పోర్ట్ ఫొటోకి వెనక తెల్లగా ఉండాలా, నీలంగానా అని అడిగింది.