అక్కచెల్లెండ్ర వీధి



గడచిన సంక్రాంతికి మా వారు పాఠశాల సెలవులకు మఱి కొన్ని దినముల సెలవు చేర్చుకొనగా, మేమిరువురమును అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రమందున్న మా బావగారి యింటికి పోయి వచ్చితిమి. ఇండియానాపొలిస్‌లో విమానము దిగినది మొదలు ఎటు చూచినను మంచే. కోసిన మొక్కజొన్న చేల మోళ్లు ఆ మంచులోనుండి వరుసలుగా తలలెత్తి, ఎవరో చుక్కలు పెట్టి ముగ్గు వేయుట మఱచిపోయినట్లుండెను. ఆ దేశము చూచి వచ్చినవారు మేడలను గూర్చియు జలపాతములను గూర్చియు వ్రాయుదురు. మేము ఒక వీధిని గూర్చి వ్రాయుచున్నాము. ఆ వీధిలో ఏటేట ఆడపిల్లల పేరంటము జరుగును. అందు కొందఱకు పిలుపు రాదు.

మా బావగారి కుమార్తె 18 ఏండ్ల పిల్ల. అక్కడనే పుట్టి పెరిగినది. ఇంటికి రెండు గంటల ప్రయాణపు దూరమున నొక విశ్వవిద్యాలయమున మొదటి సంవత్సరము చదువుచున్నది. ఆ దేశపు విద్యాలయములు పెక్కింట విద్యార్థినుల సంఘములు గలవు. వానిని సొరోరిటీలందురు. ఒక్కొక్క సంఘమునకు రెండు మూడు గ్రీకు అక్షరములే పేరు. పెద్ద సంఘములకు సొంత యిండ్లు గలవు. అందు వంటశాల, భోజనశాల, చదువుకొను గదులు, మేడమీద పడకగదులు ఉండును. చేరిన బాలిక చందా చెల్లింపవలెను. అందే నివసించినచో భోజనవసతులతో గలిసి ఏటికి వేలకొలది డాలర్లగును. ఒకసారి చేరినయెడల చదువు ముగిసినను, తల నెరసినను, ఆమె ఆ సంఘపు సోదరియే.

లాటిను భాషలో అక్కచెల్లెలికి 'సొరోర్' అని పేరు. చిన్ననాట మా నాయనగారు మాకు నేర్పిన 'స్వసృ' శబ్దమును, ఈ 'సొరోర్' శబ్దమును ఏకమూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. న్యూయార్కు రాష్ట్రమున సిరక్యూస్ విశ్వవిద్యాలయమందు 1874లో గామా ఫై బీటా యను సంఘము పుట్టగా, కొన్నియేండ్లకు అచటి లాటిను పండితుడు ఫ్రాంక్ స్మాలీ దానికై సొరోరిటీ యను మాట కల్పించెను. అంతకు మునుపు స్త్రీల సంఘములను గూడ 'సోదరుల సంఘము' అను అర్థమిచ్చు మాటతోడనే పిలుచుచుండిరి. ఆడువారు ముందు చేరిరి; వారికి తగిన మాట తరువాత వచ్చినది.

చేరు పద్ధతి వినుడు. పెక్కు విద్యాలయములలో ఇది ఆగస్టులో తరగతులు తెఱవక ముందే జరుగును. మా అమ్మాయి చదువుచోట జనవరిలో జరిగెను. మొదటి దినములలో కొత్త బాలికలు గుంపులుగా ఇల్లిల్లు తిరిగి, ఒక్కొక్క యింట కొంచెముసేపు కూర్చుండి మాటలాడి వత్తురు. పై తరగతి బాలిక యొకతె వారికి దారి చూపును. అది ముగియువఱకు తానే యింటి పిల్లయో ఆమె చెప్పరాదు. ప్రతి విడత చివర కొత్త బాలికలు తమకు నచ్చిన యిండ్లను వరుసగా వ్రాసి యిత్తురు. ఇండ్లవారు గూడ తమకు నచ్చిన బాలికలను వ్రాసి యిత్తురు. ఈ రెండు పట్టికలను కంప్యూటరు సరిచూచును. దినదినమునకు ఇండ్లు తగ్గుచు వచ్చి, కడపట మిగిలిన దానినుండి పిలుపు పత్రము వచ్చును. దానిని 'బిడ్' అందురు.

మేము రెండవనాడు ఆ వీధికి పోయితిమి. లోపలికి బంధువులకు ప్రవేశము లేదు. ఎదురు కాలిబాటపై మంచులో నిలిచి చూచితిమి. ఇటుక కట్టడపు ఇండ్లు, ముందు తెల్లని స్తంభములు. గంట కొట్టినట్లు ఒక్కసారి తలుపులు తెఱచుకొనెను. లోపలి బాలికలు చప్పట్లు చఱచుచు పాడుచు ఎదురు వచ్చి, ఒక్కొక్క కొత్త పిల్లను చేయి పట్టి లోనికి తీసికొనిపోయిరి. మా అమ్మాయి వెనుకకు తిరిగి మా వంక చూచి నవ్వెను. "మన పేరంటమువలెనే యున్నదే" అని మేమంటిమి. "పసుపు కుంకుమలే తక్కువ" అని మా వారనిరి.

మూడవనాటి ఉదయము అమ్మాయి చేతిఫోనులో ఆనాటి యిండ్ల పేర్లు వచ్చెను. తాను మనసు పడిన యింటి పేరు అందు లేదు. తనతో ఒకే గదిలోనుండు స్నేహితురాలికి ఆ యింటి పిలుపు వచ్చినది. మిగిలిన యిండ్లకు పోవుటకు మనసొప్పక, ఆమె తన పేరు మానిపించుకొని మాతో కారెక్కెను. దారిలో చాలసేపు కిటికీలోనుండి మంచు చూచుచు కూర్చుండి, కడపట మెల్లగా నిట్లనెను:

"పిన్నీ, నా మాటలో తప్పా, బట్టలో తప్పా, రంగులో తప్పా? ఏదో ఒకటి చెప్పినచో దిద్దుకొందును గదా!"

మాకు జవాబు తోచలేదు. ఎందుకు పిలువలేదో పిలువనివారు చెప్పరు. ఇది ఆ పేరంటపు మర్యాద. కారణము చెప్పకుండుటచేత మంచి కారణములతోబాటు చెడు కారణములును దాగియుండగలవు. అలబామా విశ్వవిద్యాలయమున నిట్టిది 2013 సెప్టెంబరులో బయటపడెను. చక్కగా చదువుకొన్న నల్లజాతి బాలికను చేర్చుకొన లోపలి బాలికలు కోరినను, పూర్వవిద్యార్థినులైన పెద్దలు అడ్డుపడిరని లోపలి బాలికలే అచటి విద్యార్థుల పత్రిక 'క్రిమ్సన్ వైట్'కు చెప్పిరి. అలజడి రేగగా విశ్వవిద్యాలయపు పెద్దలు కలుగజేసికొనిరి. ఆ నెలలోనే ఆ యిండ్లనుండి నల్లజాతి బాలికలకు పిలుపులు పోయెను. తలుపు లోపలనున్నవారు నోరు విప్పిననే గాని వెలుపలివారికి దారి దొరకలేదు.

మఱి కొందఱు తలుపు తెఱచువఱకు కాచుకొనక తమ యిల్లు తామే కట్టుకొనిరి. 1908లో వాషింగ్టను నగరమున హోవర్డు విశ్వవిద్యాలయపు నల్లజాతి బాలికలు ఆల్ఫా కప్పా ఆల్ఫా సంఘమును స్థాపించిరి. తమిళ తల్లికి పుట్టి, 2021 మొదలు 2025 వఱకు ఆ దేశపు ఉపాధ్యక్షపదవి వహించిన కమలా హ్యారిస్ అందలి సోదరియే. మన దేశమునుండియు పొరుగు దేశములనుండియు పోయినవారి బిడ్డలు 1998లో హ్యూస్టను విశ్వవిద్యాలయమున డెల్టా ఫై ఒమేగా యను సంఘము నేర్పఱచుకొనిరి.

పిల్ల మనసు మఱలించుటకై మా బావగారు మఱునాడు మమ్మందఱను గ్రీన్‌కాసిల్ అను చిన్న యూరికి తీసికొనిపోయిరి. అది ఇండియానాపొలిస్‌కు పడమట సుమారు 45 మైళ్లుండును. ఆ ప్రాంతమున మీద కప్పుగల పాతకాలపు కొయ్య వంతెనలు గలవు. అచటి విద్యాలయమునకు నేడు డిపా విశ్వవిద్యాలయమని పేరు. అందు స్త్రీలకు 1867లో ప్రవేశము దొరకెను. మొదట చేరిన కొలదిమందిలో బెట్టీ లాక్ యను బాలిక యొకతె. మగపిల్లల సంఘమొకటి తమ పతకమును ముచ్చటకు ధరింపుమని ఆమెకు చూపెనట, సభ్యత్వము మాత్రమీయదట. సభ్యత్వము లేని పతకము నాకేల యని ఆమె కాదనెను. వారు దానికి మాఱుగా వెండి బుట్టయొకటి బహుమానముగా నిచ్చిరని చెప్పుదురు. ఆమె బుట్ట పుచ్చుకొని ఊరకుండలేదు. 1870 జనవరి 27వ తేదీన మఱి ముగ్గురితో గలిసి కప్పా ఆల్ఫా థీటా యను స్త్రీల సంఘమును స్థాపించెను. ఆ సంఘపు పతకము గాలిపటపు ఆకారమున నుండును. ఈ మాట వినగానే అమ్మాయి నిన్నటినుండి మొదటిసారి నవ్వి, "సంక్రాంతికి తగినట్లే యున్నది, పిన్నీ" అనెను.

పండుగ దాటిన ఆదివారమున మా తోడికోడలు బొమ్మల కొలువు పెట్టి పేరంటము పిలిచినది. పదునేనుగురు తెలుగు ఇల్లాండ్రు వచ్చిరి. మేము కుంకుమ భరిణె పట్టుకొని వరుసగా బొట్టు పెట్టుచుంటిమి. మా తోడికోడలి తల్లిగారు ఆ యింటనే యుందురు. భర్త పోయి నాలుగేండ్లాయెను. కొలువు మెట్లు సర్దినదియు, శనగలు నానవేసినదియు ఆమెయే. పేరంటాండ్రు రాగానే వంటయింటి తలుపు చాటునకు పోయెను. మేమును చేయి చాపక, అలవాటు చొప్పున ఆ తలుపు దాటిపోతిమి.

అమ్మాయి మా వెంటనే యుండెను. "పిన్నీ, అమ్మమ్మను విడిచితివేమి?" అనెను. మేము నెమ్మదిగా, అది ఆచారమంటిమి. ఆ పిల్ల మా ముఖము తేఱిపాఱ చూచి, "అమ్మమ్మ చేసిన తప్పేమి?" అనెను.

కారులో మాకు తోచని జవాబే ఇక్కడను తోచలేదు. నాలుగు దినములుగా పరదేశపు పిల్లల పేరంటమును తప్పుపట్టుచు తిరిగిన మా చేతిలోనే భరిణె యున్నది. చిన్ననాట మా యింట మేనత్తగారును ఇట్లే తలుపు చాటున నిలిచెడివారు. వారినడిగి మేము బాలరామాయణము నేర్చితిమి గాని, వారికొక బొట్టు పెట్టవలెనని మాకెన్నడును తోచలేదు.

అమ్మాయి మా చేతిలోని భరిణె తీసికొని లోపలికి పోయెను. ఆమె "వద్దమ్మా, నలుగురును ఏమనుకొందురు" అనుచునే యుండెను. పిల్ల బొట్టు పెట్టి, చేయి పట్టి ఈవలకు తెచ్చి, కొలువు ముందు కూర్చుండబెట్టెను. ఇద్దఱు పెద్దలు ముఖములు చూచుకొనిరి. ఒకామె లేచి తాంబూలము తానే అందిచ్చెను. మిగిలినవారు పాట యెత్తుకొనిరి.

అమ్మాయి మరల చదువునకు పోయినది. ఏ యింటను చేరలేదు. వచ్చుయేట ప్రయత్నించునో, బెట్టీ లాక్‌వలె తానే యొకటి నిలుపునో ఆమె యిష్టము. చేరినచో ఒక్క మాట మఱువవద్దని మాత్రము చెప్పితిమి: లోపలికి పోయిననాడు తలుపు తీయు చేయి నీదే.

మేము ఊరు చేరితిమి. మా వీధిలో నాలుగవ యింట పూర్వసువాసిని యొకరు గలరు. పదేండ్లుగా ఆ గడప ముందునుండి పోవుచున్నాము గాని, శ్రావణమాసమున నెన్నడును పిలిచి యెఱుగము. ఈసారి పిలువ నిశ్చయించితిమి. మా అత్తగారేమందురో తెలియదు. ఆమె వచ్చునో రాదో తెలియదు. పిలుపు మాత్రము మా వంతు.