తప్పు తెలుగుది కాదు, తల్లీ!



మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. పోయినేడు ఒక వ్యాసరచన పోటీలో బహుమతి వచ్చింది. మురిసిపోతూ సర్టిఫికెట్ చూస్తే, పేరులోని 'లక్ష్మి' ముక్కలైపోయి ఉంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మి... దేనికది విడివిడిగా! "ఇంగ్లిష్‌లో రాయించుకుంటే అయిపోయేది కదా డాడీ" అంది. ఆ మాట మనసులో గుచ్చుకుంది. మీ ఇంట్లోనూ ఎప్పుడో విని ఉంటారు.

నేను గద్వాలలో చీరలకు డిజైన్లు గీస్తాను. పోగు ఎక్కడ తప్పిందో వెతకడం నాకు అలవాటే. ఆ ఆదివారం ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. 'సురవరం' అనే ఉచిత ఫాంట్‌ను డౌన్‌లోడ్ చేసుకున్నాం. మన ఇటిక్యాలపాడు వారైన, 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన ఫాంట్ అది. టీటీఎక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఫాంట్‌ను మామూలు టెక్స్ట్‌గా మారుస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అన్నీ అంకెలే!

యూనికోడ్‌లో 'క' సంఖ్య 3093. దాని ఒంపులన్నీ ఎక్స్, వై బిందువులు. "మ్యాథ్స్ గ్రాఫ్ లాగే ఉంది!" అంది పాప. నాకు మా జకార్డు డిజైన్ల గళ్ళ కాగితం గుర్తొచ్చింది. ఇంకా కిందికి వెళ్తే ఒత్తుల నియమాలు కనిపించాయి. క తర్వాత పొల్లు, దాని వెంట ష వస్తే 'క్ష' చూపించు అన్నట్టు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఈ నియమాలను చదవవు. సర్టిఫికెట్‌లో జరిగింది అదే. అదే పేరును ఇంకో ప్రోగ్రామ్‌లో టైప్ చేస్తే ముచ్చటగా కలిసింది.

మార్చుకునేందుకు లైసెన్స్ ఒప్పుకుంటుంది కాబట్టి, పాప ఒక అంకె మార్చింది. మళ్ళీ ఫాంట్‌గా తయారుచేస్తే 'క' కాస్త వంకర తిరిగింది. పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత ఇంగ్లిష్ మాట ఎత్తలేదు.

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి జవాబు చెప్పారు. మన పిల్లలకూ అలాగే చూపించాలి. 'తెలుగు గొప్పది' అని ఊరికే చెబితే వినరు. లోపల ఎలా పనిచేస్తుందో తెరిచి చూపిస్తే వాళ్ళే నమ్ముతారు.

ఒక చిన్న విన్నపం. పిల్లల సర్టిఫికెట్‌కైనా, ఫ్లెక్సీకైనా తెలుగు పేరు ఇచ్చినప్పుడు అచ్చుకు ముందే ఒకసారి ప్రూఫ్ అడిగి చూడండి. పేరు ముక్కలైతే పిల్లల మనసూ చిన్నబోతుంది.