దీపంలో నూనె చూసుకుంటున్నామా?

స్టవ్ మీద పాలు పెట్టి ఎంతసేపు నిలబడ్డా పొంగవు. కాస్త అటు తిరిగి కరివేపాకు దూసుకునేసరికి గట్టు నిండా పాలే! ఇది మీ ఇంట్లోనూ జరిగేదే కదండీ? పాల దగ్గర ఉన్నపాటి జాగ్రత్త మనసు దగ్గర ఉంటోందా అని నన్ను నేను అడుక్కోవలసిన రోజొకటి వచ్చింది. ఆ సంగతి మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా నాలాంటి అక్కచెల్లెళ్ళు ఒకరిద్దరైనా ముందే మేలుకుంటారని చెబుతున్నాను.

మాది గుంటూరు వైపు. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చిన నాటి నుంచీ మా ప్రాంతంలో లూథరన్ సంఘాలున్నాయి. మా గుడిలో స్త్రీల సమాజం ఉంది. గురువారం సాయంత్రం కూడుకుంటాం. మా అమ్మమ్మల కాలం నుంచీ వస్తున్న అలవాటు ఒకటుంది మాకు. అదే పిడికెడు బియ్యం. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. నెలకి అవి కిలోన్నర దాకా అవుతాయి. అందరివీ కలిపి అమ్మి, ఆ డబ్బు ఆపదలో ఉన్నవాళ్ళకి వాడతాం. ఇది మా ఒక్కరి అలవాటే కాదు. మిజోరాంలో క్రైస్తవ స్త్రీలు 1910 నుంచీ ఇలాగే బియ్యం తీసిపెడుతూ ఎన్నో మంచి పనులు నడుపుతున్నారు. లేనివాళ్ళు కూడా ఇవ్వగలిగిన కానుక ఇది.

మా సమాజంలో ఇరవై ఇద్దరం ఉన్నాం. ఇంటర్ దాకా చదివానని, లెక్కలు వచ్చని నన్ను ట్రెజరర్ని చేశారు. డబ్బు ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువాలో పెట్టేదాన్ని. లెక్క ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. మొదటి రెండేళ్ళూ పైసా తేడా రాలేదు.

తరువాత ఒక జూన్ నెలలో అమ్మాయి కాలేజీ ఫీజుకి రెండువేలు తగ్గాయి. మావారి జీతం రావడానికి ఇంకా ఐదు రోజులుంది. ‘ఐదు రోజులేగా’ అని డబ్బాలోంచి తీశాను. జీతం రాగానే పెట్టేశాను కూడా. చూశారా, అక్కడే వచ్చింది చిక్కంతా! తీసి మళ్ళీ పెట్టగలిగానన్న ధైర్యం వచ్చేసింది. ఈసారి గ్యాసు బండకీ, ఇంటికొచ్చిన చుట్టాలకీ పదిహేను వందలు తీశాను. అవి పెట్టకముందే ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. చీర, వెండి కుంకుమభరిణ... మళ్ళీ మూడువేలు. ఆ పైన ఇంకో రెండువేలు. నోటుబుక్కులో మాత్రం ఏదీ రాయలేదు. రాస్తే తీసుకున్నట్టవుతుంది కదా! రాయకపోతే ‘వాడుకున్నట్టే’ అనిపించేది. మనసు ఎంత చమత్కారంగా మాటలు మారుస్తుందో చూడండి.

ఆ రోజుల్లో నేను గుడి మానానా? మానలేదు. ప్రార్థన మానానా? అదీ లేదు. శ్రమకాలం నలభై రోజులూ ఒంటిపూట ఉన్నాను. పిడికెడు బియ్యం ఒక్క పూట కూడా మర్చిపోలేదు. పైకి చూస్తే నా అంత భక్తిపరురాలు లేదు. లోపల మాత్రం కునుకు తీస్తున్నాను.

ఒక రాత్రి పదకొండున్నరకి తలుపు కొట్టిన చప్పుడైంది. తీసి చూస్తే మా అధ్యక్షురాలక్క, వెనకాల మా సమాజం చెల్లెలొకావిడ. ఆ పిల్ల భర్తకి గుండెల్లో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారట. వెంటనే పదివేలు కట్టమన్నారట. “అమ్మాయ్, డబ్బాలో ఎంతుంది?” అంది అక్క. పుస్తకం ప్రకారం పదకొండువేల నాలుగు వందలుండాలి. నేను వాడుకున్న ఆరువేల ఐదు వందలు పోను నాలుగువేల తొమ్మిది వందలే ఉన్నాయి.

నిజం చెప్పడానికి నోరు రాలేదండీ. “మిగతాది బ్యాంకులో వేశానక్కా” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! అక్క ఒక్క నిమిషం నా మొహంకేసి చూసి, మాట్లాడకుండా తన చేతి గాజు ఒకటి తీసింది. తెల్లారి కుదువ పెట్టుకోమని తెలిసిన షాపాయనకి ఫోన్ చేసి, ఆ రాత్రికి ఆయన దగ్గర డబ్బు సర్దింది. దేవుని దయవల్ల ఆ అబ్బాయి బతికాడు. బతకకపోయి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ అర్ధరాత్రి నన్ను లేపుతుంది.

ఆ రాత్రి పక్క మీద పడుకుని ఉంటే మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకలు గుర్తొచ్చారు. మన క్రైస్తవేతర సోదరీమణుల కోసం క్లుప్తంగా చెబుతాను. యేసుప్రభువు చెప్పిన కథ ఇది. పెళ్ళికొడుకుని ఎదుర్కోవడానికి పదిమంది కన్యకలు దీపాలు పట్టుకుని వెళతారు. అతను రావడం ఆలస్యమవుతుంది. అర్ధరాత్రి వస్తున్నాడని కేక వినబడుతుంది. ఐదుగురి దగ్గర విడిగా నూనె ఉంది. మిగతా ఐదుగురి దీపాలు కొండెక్కుతుంటాయి. వాళ్ళు నూనె కొనడానికి వెళ్ళి వచ్చేసరికి తలుపు వేసేస్తారు.

ఈ కథ చిన్నప్పటి నుంచీ వింటున్నా నేను గమనించనిది ఒకటుంది. నిద్రపోయింది ఆ ఐదుగురే కాదు, పదిమందీ నిద్రపోయారు! తేడా నిద్రలో లేదు, నూనెలో ఉంది. అంటే మెలకువగా ఉండడమంటే కళ్ళు మూయకుండా కూర్చోవడం కాదన్నమాట. కేక వినబడే లోపలే పాత్రలో నూనె చూసుకోవడం. నా దీపం వెలుగుతున్నట్టే ఉంది గానీ, డబ్బా ఖాళీ.

ఇంకో సంగతి. ప్రభువు సిలువకి ముందు రాత్రి ప్రార్థన చేసుకున్న తోట పేరు గెత్సేమనే. ఆ మాటకి నూనె గానుగ అని అర్థం. అక్కడ పేతురు, యాకోబు, యోహానులను మెలకువగా ఉండమని చెప్పి ప్రభువు కాస్త ముందుకి వెళతాడు. మూడుసార్లు వచ్చి చూసినా వాళ్ళు నిద్రలోనే ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళా? కాదు. శిష్యులు దుఃఖంతో అలసి నిద్రపోయారని లూకా రాశాడు. మన ఆడవాళ్ళకి ఇది బాగా తెలిసిన అలసటే కదూ! పొద్దున్నుంచీ చాకిరీ, పిల్లల చదువుల బెంగ, అప్పుల బెంగ. మనం పాపం చేద్దామని పూనుకుని చేసేది తక్కువ. అలసిపోయి, ‘ఈ ఒక్కసారికీ’ అనుకుని చేసేదే ఎక్కువ.

ఆ పై గురువారం సమాజంలో లేచి నిలబడి అంతా చెప్పేశాను. ముందురోజు రాత్రి మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత “నన్ను అడిగితే ఇవ్వననుకున్నావా?” అన్నారు. ఆ మాట కొట్టినదానికన్నా ఎక్కువ తగిలింది. సమాజంలో ఒకావిడ మొహం మీదే “బియ్యం దొంగ” అంది. అనడంలో తప్పేముంది? అధ్యక్షురాలక్క మాత్రం, “ఆ రాత్రే నాకు తెలుసమ్మాయ్. నువ్వే చెబుతావని చూస్తున్నాను” అంది. ముందు ఆవిడ గాజు విడిపించాను. డబ్బాకి తీర్చాల్సిందంతా నెలనెలా కొంత చొప్పున ఏడు నెలల్లో కట్టేశాను. లెక్కలు ఇప్పుడు వేరే ఆవిడ చూస్తోంది. ఆ చెల్లెలు నాకు వందనాలు చెబుతుంది గానీ, మునుపటిలా మా ఇంటికి రాదు. దానికి నేనేమీ అనుకోవడం లేదు. ఇలాంటివి డబ్బు కట్టినంత తొందరగా తీరవు.

అప్పటి నుంచీ కొన్ని చిన్న అలవాట్లు చేసుకున్నాను. మీకు పనికొస్తాయేమో చూడండి.

మొదటిది: ఇతరుల సొమ్ము మన దగ్గరుంటే ఏరోజు లెక్క ఆరోజే రాయాలి. నెలకోసారి ఇంకొకరికి చూపించాలి. రాయడానికి చెయ్యి వెనకాడిందంటే అక్కడేదో పొంగబోతోందని గుర్తు.

రెండోది: ఆ పిడికెడు బియ్యం తీసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటాను. ‘ఈరోజు ఇంట్లోవాళ్ళకి తెలియకూడదని నేను దాస్తున్నది ఏదైనా ఉందా?’ అర నిమిషం పని.

మూడోది: మార్కు సువార్త 13వ అధ్యాయంలో ఇంటి యజమాని ఎప్పుడొస్తాడో తెలియదని చెబుతూ సాయంకాలం, అర్ధరాత్రి, కోడికూత వేళ, తెల్లవారుజాము అని నాలుగు వేళలు చెప్పారు. రోమీయులు రాత్రిని అలా నాలుగు జాములుగా లెక్కపెట్టేవారు. నేను నా రోజుని అలాగే పంచుకున్నాను. పొద్దున పాలు కాచేటప్పుడు, మధ్యాహ్నం అందరూ తిన్నాక, సాయంత్రం దీపాల వేళ, పడుకునే ముందు. ఒక్కోసారి రెండు నిమిషాలు ఆగుతాను. ఫోన్ చేతికి తీసుకోకముందే సుమండీ! తీసుకున్నాక రెండు నిమిషాలు ఎక్కడ మిగులుతాయి?

నాలుగోది: అవసరం వస్తే నోరు తెరిచి అడగడం. మావారినో, అక్కనో, అయ్యగారి భార్య అమ్మగారినో. అడగడానికి సిగ్గుపడే నేను ఆ డబ్బాలో చెయ్యి పెట్టాను.

ఇంతా చేసి నేను మారిపోయానని చెప్పడం లేదు. నిన్ననే పాలు పొంగించాను! కానీ స్టవ్ గట్టు తుడుస్తూ మనసు కూడా ఓసారి చూసుకున్నాను. మరి మీ దీపంలో నూనె ఎంతుందో ఈ పూట చూసుకుంటారు కదూ?