మన యాడపిల్లకు సరిపడు సైకిలు

రవిక కుట్టించుకొనునపుడు కొలత యీయని స్త్రీ లేదు. గాజులు తొడిగించుకొనునపుడు చేతి కొలత చూచుకొనని స్త్రీయు లేదు. అట్టి మనము ఆడపిల్లకు సైకిలు కొనునపుడు మాత్రము కొలత మాట తలపెట్టము. అన్న విడిచినదో, చౌకగా వచ్చినదో, ముందుగా కంటబడినదో ఆమె సైకిలగును. కాలందక పిల్ల రెండుమారులు పడును. మూడవమారు ఎక్కనని చెప్పును. అంతట ఇరుగుపొరుగువారు "ఆడపిల్లలకు సైకిళ్ళు అచ్చిరావు" అని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పుతో పిల్ల బస్సు కొఱకు, ఆటో కొఱకు, తండ్రి తీరిక కొఱకు కాచుకొని కూర్చుండవలసినదగును. తన కాళ్ళపై తాను పోగల దారి యొకటి మూతపడును.

ఇది చిన్న విషయమని సోదరీమణులు తలపకుందురు గాక! తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1991వ సంవత్సరమున అక్షరాస్యతోద్యమము సాగినపుడు, స్త్రీలకు చదువుతోపాటు సైకిలు తొక్కుటయు నేర్పిరి. వేలకొలది పల్లెపడుచులు నేర్చుకొనిరి. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళకై సొమ్మిచ్చుట మొదలుపెట్టగా, ఉన్నత పాఠశాలలలో చేరు బాలికల సంఖ్య పెరిగినదని పరిశోధకులు లెక్కకట్టి చూపిరి. పండ్రెండవ శతాబ్దిలో నాయకురాలు నాగమ్మ మంత్రాంగము నడపిన మా పల్నాటిలో, ఆడపిల్ల రెండు చక్రములను నడపలేదనుట నమ్మదగిన మాటయా?

మా కాపురము నరసరావుపేటకు సమీపమున నొక పల్లెలో. మా అమ్మాయికి పదునాఱేండ్లు. ఎత్తు అయిదడుగుల అంగుళము. కాలేజికి పోవలసిన దారిలో సగము తారురోడ్డు, సగము కాలువకట్ట. 1967లో నాగార్జునసాగరు నీరు పారినది మొదలు ఈ కుడికాలువ మా పొలములకు ప్రాణము. దాని కట్టలును, చేల నడుమ డొంకదారులును మా పిల్లలకు బాటలు. సెలవునాడు స్నేహితురాండ్రతో గూడి కోటప్పకొండ ఘాటురోడ్డు ఎక్కవలెనని కూడ అమ్మాయి కోరిక. ఇట్టి దారులకు గేర్లును, లావు టైర్లును గల కొండసైకిలు తగును. క్రొత్తది మా శక్తికి మించినది గావున, వాడినదే కొనుటకును, బాగుచేయించు ఖర్చుతో సహా 6,000 రూపాయలు దాటకుండుటకును నిశ్చయించుకొంటిమి.

మా అత్తగారు ఒప్పుకొనలేదు. "ఏమే అమ్మాయ్, పిల్ల అన్నగాడి సైకిలు మీదనుంచి రెండుసార్లు పడ్డది చాలదా?" అనిరి. "పడింది పిల్ల భయంవల్ల కాదత్తయ్యా, ఆ బండి ఎత్తువల్ల. ఈమాటు కొలిచి కొందాం," అంటిమి. ఆమె మాఱుపలుకలేదు, సరే యనియు అనలేదు.

వాడిన సైకిలను మాటకు చిన్నబోవ నక్కఱలేదు. కొండసైకిలు పుట్టుకయే పాత సైకిలునుండి జరిగినది. 1970ల నాటి మాట. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున టమల్‌పయిస్ అను కొండపైనుండి కొందఱు యువజనులు లావు టైర్ల పాత సైకిళ్ళపై మట్టిబాటల వెంట దిగుచు వినోదించుచుండిరి. ఆ పాతబండ్ల చక్రము 26 అంగుళములు. పిమ్మట కొండసైకిళ్ళను ప్రత్యేకముగా చేయ నారంభించినపుడు ఆ కొలతయే నిలిచిపోయెను. 2000 ప్రాంతమున 29 అంగుళముల చక్రము వచ్చెను. మఱి పదియేండ్లకు 27.5 ప్రచారములోనికి వచ్చెను. 2012 లండను ఒలింపిక్కులలో చెక్ దేశీయుడు కుల్హావీ 29 చక్రముపై బంగారు పతకమును, స్విట్జర్లండు దేశీయుడు షుర్టర్ 27.5 చక్రముపై వెండి పతకమును పొందిరి. ఇరువురి నడుమ తేడా ఒక్క సెకను! చక్రపు కొలతను గూర్చి తగవులాడువారికి ఈ ఒక్క సెకనే చాలును.

ఈ మార్పువలన మనకొక లాభము కలిగినది. వెలగల కొండసైకిళ్ళలో 26 చక్రము వాడుక తప్పినది. వాడుక తప్పిన అంచు గల పట్టుచీర వెల తగ్గును గాని పట్టు చెడదు గదా! ఇదియు నట్టిదే. అదియుగాక 26 టైరును ట్యూబును చిన్న ఊళ్ళ అంగళ్ళలో సయితము దొరకును.

పెద్ద చక్రము గుంటలను, రాళ్ళను సులువుగా దాటును. ఒకసారి పరుగందుకొనిన పిదప వేగము నిలుపుకొనును. చిన్న చక్రము తేలికగా కదలును, ఇఱుకు మలుపులలో చెప్పినట్లు వినును, పొట్టివారికి అదుపులో నుండును. కాబట్టి అయిదడుగులకు అటునిటుగా నుండు స్త్రీకి 26 గాని 27.5 గాని మేలు. అయిదడుగుల ఆఱంగుళములు దాటినవారు 29 నిశ్చింతగా తీసికొనవచ్చును. ఇంకను ఎత్తు తక్కువ బాలికలకు 24 ఉన్నది. కాని అసలు కొలత చక్రమునది కాదు, ఫ్రేముది. పిల్ల చెప్పులతో సైకిలుకు ఇరుప్రక్కల కాళ్ళుంచి నిలువబడినపుడు, రెండు పాదములును నేలపై పూర్తిగా ఆనవలెను. పై గొట్టమునకును ఒంటికిని నడుమ కనీసము రెండంగుళముల ఎడముండవలెను. సీటుపై కూర్చుండి పెడలును అడుగునకు త్రొక్కినపుడు మోకాలు కొంచెము వంగియుండవలెను. చేతులు సాగిలబడకుండ హ్యాండిలు అందవలెను. ఇవన్నియు కుదిరినపుడే చక్రము మాట.

చక్రము పేరులోని అంగుళములను నమ్మి టైరు కొనరాదు. టైరు ప్రక్కన మిల్లీమీటర్లలో అచ్చువేసిన అంకెను చూడవలయును. కొండసైకిలు 26కు అది 559, 27.5కు 584, 29కు 622. భిన్నముతో 26×1⅜ అని వ్రాసియున్నచో అది 590. ఒకటి మఱియొకదానికి పట్టదు. చిత్రమేమనగా, పాలవారు క్యానులు తగిలించుకొను పాతకాలపు 28 అంగుళముల సైకిలు రిమ్ము 635, అనగా 29 కంటెను పెద్దది. లావు టైరు తొడుగుటచేతనే 29 పెద్దదిగా కనబడును.

మేము మూడు సైకిళ్ళను చూచితిమి. మొదటిది నరసరావుపేటలో నొక కుఱ్ఱవానిది. 29 చక్రము, నిగనిగలాడుచున్నది. మా అమ్మాయి కాళ్ళుంచి నిలువగా మడమలు నేల నంటలేదు. "పెరుగుతుంది లేమ్మా, రెండేళ్ళలో సరిపోతుంది," అని అతడనెను. పదునాఱేండ్లు నిండిన ఆడపిల్ల సాధారణముగా మఱి యెక్కువ ఎత్తు పెరుగదు. ఆ రెండేండ్లును పడుచు లేచుచు గడపుట కంటె ఆ బండిని విడుచుటయే మేలని నమస్కరించి వచ్చితిమి.

రెండవదానికి ముందును వెనుకను స్ప్రింగులు. చూపునకు ఆర్భాటము, ఎత్తి చూడగా బరువు. చౌకబండ్లలో వెనుక స్ప్రింగు త్రొక్కువాని బలమును తాను మ్రింగును, కాలక్రమమున వదులై గడగడలాడును. దీనికి తోడు హ్యాండిలు క్రింద గొట్టములు కలియు అతుకుచోట వ్రేలితో తడవగా రంగు ముడుతపడి చీలియున్నది. ఎదుటనుండి దెబ్బతిన్న బండికి అది గుఱుతు. పగిలిన ఫ్రేము పగిలిన కుండ వంటిది. అతికించి వాడుకొందమని అనుకొనరాదు.

మూడవది సత్తెనపల్లి ప్రక్క నొక యింటిది. కొడుకు దూరపు చదువునకు పోగా వసారాలో మూలబడియున్నది. 26 చక్రము, 15 అంగుళముల ఫ్రేము, స్ప్రింగుల బెడద లేదు. అమ్మాయి పాదములు చక్కగా ఆనినవి. అప్పుడు మిగిలిన పరీక్షలు చేసితిమి. చక్రములను పైకెత్తి త్రిప్పగా బ్రేకు దిమ్మలకు తగులక తిన్నగా తిరిగినవి. పెడలు చేతిని పట్టి అటునిటు ఊపగా ఇరుసు వదులుగా లేదు. ముందు బ్రేకు బిగించి బండిని ముందువెనుకలకు ఊపగా హ్యాండిలు మెడ గడగడలాడలేదు. కుట్టుపెట్టెలోని టేపు తీసికొనిపోయితిమి. దానితో గొలుసును కొలిచితిమి. మంచి గొలుసులో పండ్రెండు పూర్తి లంకెలు సరిగా పండ్రెండంగుళములుండును. ఇది అంగుళములో ఎనిమిదవవంతు సాగియున్నది. అట్టి గొలుసు పళ్ళచక్రములను గూడ అరగదీసియుండును, రెంటిని మార్చవలసినదే. టైర్లు ఎండకు నెఱ్ఱెలు విచ్చినవి. ఈ లోపములను చూపి బేరమాడగా 5,000 చెప్పినది 3,800కు దిగినది. కొన్ననాటి రసీదులోని అంకెయు, పెడళ్ళ ఇరుసు క్రింద చెక్కియున్న ఫ్రేము అంకెయు ఒకటేయని సరిచూచుకొని సొమ్మిచ్చితిమి. ఎంత చౌకయైనను సొంతదారు తెలియని సొత్తు ఇల్లు చేరరాదు.

సైకిలు షాపులో టైర్లకు 800, ట్యూబులకు 300, గొలుసునకును పళ్ళచక్రమునకును 600, బ్రేకు దిమ్మలకును కూలికిని 300 అయినవి. వెరసి 5,800. మిగిలిన 200తో గంటయు, పంక్చరు సామానును కొంటిమి. వాడిన సైకిలు కొనువారు చేతనున్న సొమ్ములో మూడవవంతు ఇట్లు ప్రక్కన పెట్టుకొనుట యుక్తము. తలకు పెట్టుకొను హెల్మెట్టు మాత్రము క్రొత్తదే కొనవలెను; ఒకమారు దెబ్బతిన్నది పైకి బాగుగనున్నను కాపాడదు. ఆ ఖర్చు ఈ లెక్కలో చేర్చలేదు.

మా నేలకు తగిన జాగ్రత్తలు కొన్ని. డొంకలలో పల్లేరుకాయలును తుమ్మముండ్లును టైర్లకు శత్రువులు. ఇల్లు చేరగానే టైరును చేతితో తడవి చూడవలెను. వానకాలమున నల్లరేగడి అంటుకొని చక్రము ఆగిపోవును గావున, టైరునకును ఫ్రేమునకును నడుమ వ్రేలుపట్టు సందుండవలెను. ఘాటు ఎక్కునపుడు నిటారు రాకమునుపే తేలిక గేరు వేసికొనవలెను. దిగునపుడు రెండు బ్రేకులను కలిపి పట్టుచు విడుచుచుండవలెనే గాని ఒక్కదానినే బిగబట్టరాదు.

మా అమ్మాయి అయిదు దినములలో నేర్చుకొనినది. కోటప్పకొండ ఘాటులో తొలిసారి సగము దారి త్రొక్కి, సగము నడిపించుకొని పైకి చేరినది. ఇప్పుడు కాలేజికి ఎవరి తీరిక కొఱకును కాచుకొనుట లేదు. అత్తగారు సైకిలును ఇంకను మెచ్చుకొనలేదు గాని, తమ కంటిమందు అయిపోయినచో పేటకు పోవలసినది ఎవరని ఎవరిని అడుగుట లేదు. సరాసరి మనుమరాలినే కేకవేయుచున్నారు.

సోదరీమణులారా! మీ యింట గాని, మీ యెఱుకలో గాని సైకిలు నేర్వబోయి మానిన పిల్ల యున్నచో, ఆమెను భయస్థురాలని అనకముందు ఒక్కమాటు ఆ సైకిలు ప్రక్కన నిలువబెట్టి చూడుడు. ధైర్యము కొనితేవలసిన వస్తువు కాదు. అది పిల్లలో నున్నదే. పాదములు నేల నానినపుడు అది బయటకు వచ్చును.