నిలబడ్డా చాలలేదు

పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు టీకొట్టు టీవీ ముందు అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది నేనే. నా చేతుల వంక చూసే కళ్లుంటాయి మరి. అందుకే కాబోలు, బాస్కెట్‌బాల్ ఓనమాలు తెలియని నాకు మహమూద్ అబ్దుల్ రవూఫ్ మావాడనిపిస్తాడు.

మిసిసిపీ నల్లబిడ్డ. పుట్టినప్పటి పేరు క్రిస్ జాక్సన్. 1991లో ఇస్లాం పుచ్చుకున్నాడు, 1993లో పేరు మార్చుకున్నాడు. 1993-94 సీజన్లో డెన్వర్ జట్టు తరఫున 229 ఫ్రీ త్రోలు వేస్తే 219 బుట్టలో పడ్డాయి. ఏం గురి!

ఆ జెండా ఎంతోమందికి అణచివేత గుర్తు అన్నాడు. జాతీయగీతానికి నిలబడలేదని 1996 మార్చిలో లీగ్ సస్పెండ్ చేసింది. ఒక్క మ్యాచే. తర్వాత రాజీ కుదిరింది: నిలబడాలి, కావాలంటే తల వంచి దువా చేసుకోవచ్చు. నిలబడ్డాడు. అయినా ఆ వేసవిలోనే డెన్వర్ అతన్ని శాక్రమెంటోకి వదిలించుకుంది. 1998లో, 29 ఏళ్లకే, టర్కీ దారి పట్టాడు. 2000లో వాంకూవర్ ఒక్క సీజన్ తీసుకుంది. 2001లో మిసిసిపీలో అతని ఇల్లు తగలబెట్టారు. ఆ తర్వాత రష్యా, ఇటలీ, గ్రీస్, సౌదీ, జపాన్. క్యోటోలో నలభై దాటాక కూడా జీతానికి ఆడాడు.

మా గల్లీవాళ్లు దుబాయ్ పోయింది ఇక్కడ పని దొరక్క. అతనికి చేతినిండా విద్య. అయినా అదే సూట్‌కేసు.

ఆ రాజీ దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. నిలబడ్డా చాలకపోతే, నేనింకెంత గట్టిగా కొట్టాలి?

మొన్నటి మ్యాచ్‌లో పాకిస్తాన్ బౌలర్ అద్భుతమైన యార్కర్ వేశాడు. నా చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.